భూమి జీవానికి అనువుగా ఎలా నిలబడింది? సూర్యుడి దూరం, షాబాదు బండ, నల్లరేగడి

క్లుప్తంగా: సూర్యుడికి తగిన దూరంలో ఉండటం భూమికి కలిసొచ్చిన మాట నిజం. అయితే దాదాపు అదే దూరంలో ఉన్న చంద్రుడి మీద గడ్డిపోచ కూడా లేదు. భూమి అసలు విశేషం వేరే ఉంది. నీరు నీరుగా ఉండగలిగే వేడిమిని అది 350 కోట్ల ఏళ్లకు పైగా చేజార్చుకోలేదు. ఆ పని ఏ ఒక్కదాని వల్లా కాలేదు. రాయి, వాన, సముద్రం, అగ్నిపర్వతం, జీవం ఒకదాన్నొకటి సర్దుకుంటూ దాన్ని నడిపించాయి. ఆ ఏర్పాటు ఆనవాళ్లు హైదరాబాద్ గుట్టల్లో, ఇళ్లలో పరిచిన బండల్లో, చుట్టుపక్కల చేలల్లో చేతికి తగిలేంత దగ్గరగా ఉన్నాయి.

ప్రశ్న మళ్లీ ఎందుకు వచ్చింది?

2025 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన నిక్కు మధుసూదన్ బృందం ఒక ప్రకటన చేసింది. 124 కాంతి సంవత్సరాల దూరంలోని కే2-18బీ అనే గ్రహం గాలిలో డైమిథైల్ సల్ఫైడ్ అనే పదార్థం జాడ ఉండవచ్చని, జేమ్స్ వెబ్ టెలిస్కోపు కొలతల్లో ఆ సూచన కనిపించిందని ఆ ప్రకటన సారాంశం. భూమి మీద ఈ పదార్థాన్ని ప్రధానంగా సముద్రంలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. దాంతో ‘మరో భూమి దొరికింది’ అనే శీర్షికలు టీవీల్లో, ఫోన్లలో తిరిగాయి. తర్వాత ఇతర బృందాలు అవే కొలతలను మళ్లీ పరిశీలించి, ఆ ఆధారం అంత బలంగా లేదని తేల్చాయి.

శీర్షికల్లో అసలు గందరగోళం ‘నివాసయోగ్య మండలం’ అన్న మాట దగ్గర మొదలైంది. ఒక నక్షత్రం చుట్టూ, గ్రహం మీద నీరు ద్రవంగా ఉండటానికి వీలున్న దూరాల పట్టీకి శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరది. అక్కడ జీవం ఉందని గానీ, మనుషులు బతకగలరని గానీ ఆ మాటకు అర్థం లేదు. పైగా కే2-18బీ బరువు భూమికి ఎనిమిది రెట్లకు పైనే. దానికి మన నేలలాంటి నేల ఉందా లేదా అన్నదే ఇంకా తేలలేదు. సౌరకుటుంబం బయట గుర్తించిన గ్రహాల సంఖ్య 2025లో 6 వేలు దాటింది కాబట్టి ఇలాంటి వార్తలు ఇకముందూ వస్తూనే ఉంటాయి. వాటిని బేరీజు వేయడానికి ముందు మన గ్రహం సంగతి తెలియాలి.

పాఠ్యపుస్తకాల్లో దీనికి జవాబు సాధారణంగా మూడు ముక్కల్లో ఉంటుంది: సరైన దూరం, నీరు, గాలి. జవాబు తప్పు కాదు, కానీ అసంపూర్ణం. నీరు, గాలి ఉన్నాయని చెప్పినంత మాత్రాన అవి ఇన్ని కోట్ల ఏళ్లు ఎలా మిగిలాయో తెలియదు. శుక్రుడికీ గాలి ఉంది, అంగారకుడి మీదా ఒకప్పుడు నదులు పారాయి.

ఒకే దూరం, రెండు లోకాలు

భూమి నుంచి సూర్యుడికి సగటు దూరం 14.96 కోట్ల కిలోమీటర్లు. చంద్రుడు మనకు 3.84 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. ఆ తేడా సూర్యుడి దూరంలో అర శాతం కూడా కాదు. అంటే చంద్రుడి మీద ప్రతి చదరపు మీటరుకు పడే ఎండా, భూమి వాతావరణం పైఅంచున పడే ఎండా సమానమే, దాదాపు 1,361 వాట్లు.

ఫలితంలో మాత్రం పోలికే లేదు. చంద్రుడి మధ్యరేఖ దగ్గర పగలు వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది, రాత్రి మైనస్ 130కి పడిపోతుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగిన చోట విక్రమ్ ల్యాండర్‌లోని చాస్టే పరికరం నేలలోకి ఒక గొట్టాన్ని దించి ఉష్ణోగ్రతలు కొలిచింది. ఉపరితలం మీద 50 డిగ్రీలు నమోదైన సమయంలోనే 8 సెంటీమీటర్ల లోతున మైనస్ 10 ఉంది. ఒక జానెడు లోతు కూడా లేదు, తేడా మాత్రం 60 డిగ్రీలు. వేడిని పట్టి ఉంచి, పంచిపెట్టే గాలీ నీరూ లేకపోతే ‘సరైన దూరం’ ఎంత తక్కువ పనికొస్తుందో ఈ ఒక్క కొలత చెబుతుంది.

చంద్రుడి దగ్గర గాలి మిగలకపోవడానికి మూలం అతని పరిమాణం. భూమి ఆకర్షణ నుంచి తప్పించుకోవాలంటే సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి, చంద్రుడి దగ్గర 2.4 చాలు. అంగారకుడిది మధ్యస్థం, 5 కిలోమీటర్లు. గ్రహం చిన్నదైతే నష్టం రెండు వైపుల నుంచీ ఉంటుంది. గాలి తేలిగ్గా జారిపోతుంది, లోపలి వేడి తొందరగా చల్లారిపోతుంది. ఈ రెండోది ఎందుకు అంత ముఖ్యమో కాసేపట్లో తెలుస్తుంది.

గాలి కప్పి ఉంచే వేడి

భూమికి అందే ఎండను, అది తిప్పి పంపే వెలుగును లెక్కగడితే ఈ గ్రహం సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీలు ఉండాలి. ఉన్నది సుమారు 15. ఆ 33 డిగ్రీల తేడా నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువుల చలవ. నేల నుంచి పైకి పోయే వేడిని ఇవి మధ్యలో పట్టి కొంత కిందికి తిప్పి పంపుతాయి. వాతావరణంలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్ ఉన్నా ఈ పనిలో వాటి పాత్ర చాలా తక్కువ.

ఈ ప్రభావం హైదరాబాద్ చలికాలంలో కంటికి కనిపిస్తుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉన్న రాత్రుల్లో పటాన్‌చెరు, శేరిలింగంపల్లి వైపు ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగుతుంటుంది. అదే నెలలో మబ్బు పట్టిన రాత్రి అంత చలి వేయదు. సూర్యుడు అదే, రాత్రి నిడివి అదే. పైన నీటి ఆవిరి, మేఘం ఉన్నాయా లేవా అన్నదే తేడా.

వేడితో పాటు ఒత్తిడీ కావాలి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 540 మీటర్లకు అటూ ఇటూ ఎత్తులో ఉంది, అందుకే ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. గాలి బరువు తగ్గేకొద్దీ మరిగే స్థానం దిగుతుంది. అంగారకుడి మీద గాలి ఒత్తిడి భూమితో పోలిస్తే ఒక శాతం కన్నా తక్కువ. అక్కడ మంచు కరిగే ఉష్ణోగ్రత, నీరు మరిగే ఉష్ణోగ్రత దాదాపు ఒకటే అయిపోతాయి. అందుకే మంచు వేడెక్కితే నీరుగా నిలవదు, నేరుగా ఆవిరై పోతుంది. పల్చటి గాలి వల్ల వేడీ నిలవదు, సగటు మైనస్ 60 డిగ్రీల చుట్టూ ఉంటుంది.

శుక్రుడి గాలి, మన ఇంటి బండ

శుక్రుడిది ఇంకా ఆలోచింపజేసే కథ. పరిమాణంలో భూమికి దాదాపు సమానం. సూర్యుడికి 10.8 కోట్ల కిలోమీటర్ల దూరం. నేల మీద వేడి 465 డిగ్రీలు, సీసం కరిగిపోతుంది. ‘దగ్గరగా ఉన్నాడు కాబట్టి కాలిపోతున్నాడు’ అని సరిపెట్టుకోవడం తేలికే. కానీ శుక్రుడి మేఘాలు తన మీద పడే ఎండలో మూడొంతులను తిప్పి పంపేస్తాయి. లెక్క చూస్తే శుక్రుడు లోపలికి తీసుకునే సూర్యశక్తి చదరపు మీటరుకు భూమి తీసుకునేదాని కన్నా తక్కువ. తక్కువ ఎండ తీసుకుంటూ అంత వేడిగా ఉన్నాడంటే కారణం గాలిలోనే ఉంది. శుక్రుడి వాతావరణం మన వాతావరణానికి 92 రెట్ల ఒత్తిడితో ఉంది, అందులో 96 శాతానికి పైగా కార్బన్ డయాక్సైడ్.

మరి భూమికి అంత కార్బన్ లేదా? ఉంది. రెండు గ్రహాల దగ్గరా ఉన్న కార్బన్ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉంటుందని అంచనా. శుక్రుడిది గాలిలో ఉంది, భూమిది రాయిగా మారి నేలలో ఉంది.

ఆ రాయి హైదరాబాదీలకు బాగా తెలిసిందే. పాత ఇళ్ల వరండాల్లో, వంటింట్లో గట్టు మీద, ప్రభుత్వ కార్యాలయాల మెట్ల మీద పరిచిన షాబాదు బండ, తాండూరు బండ సున్నపురాళ్లే. ఒకప్పటి లోతులేని సముద్రం అడుగున పొరలు పొరలుగా పేరుకున్న కాల్షియం కార్బొనేట్ అది. అందుకే గనిలో నుంచి పలకలుగా విడిపోయి వస్తుంది. శుద్ధమైన సున్నపురాయి బరువులో 44 శాతం కార్బన్ డయాక్సైడే. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ చుక్క ఈ బండ మీద పడితే బుసబుసమని నురగ వస్తుంది, బండ గరుకెక్కుతుంది. ఆ నురగలో పైకి లేచేది ఎప్పుడో గాలిలో తిరిగి, తర్వాత రాయిలో చిక్కిన కార్బన్ డయాక్సైడ్. సిమెంటు ఫ్యాక్టరీల్లో సున్నపురాయిని కాల్చినప్పుడు జరిగేదీ ఇదే, కాకపోతే టన్నుల లెక్కలో. భూమి మీది సున్నపురాయి అంతా ఒక్కసారిగా ఇలా వాయువును వదిలేస్తే మన ఆకాశం శుక్రుడి ఆకాశానికి చాలా దగ్గరగా వస్తుంది.

గాలిలోని వాయువు రాయిలోకి ఎలా వెళ్లింది? భూమి జీవయోగ్యత కథలో అత్యంత కీలకమైన అధ్యాయం ఇదేనని ఈ విశ్లేషణ అభిప్రాయం. మామూలు వివరణల్లో దీనికి దక్కేది ఒక్క వాక్యం, చాలాసార్లు అదీ ఉండదు.

వాన, రాయి, అగ్నిపర్వతం

హైదరాబాద్ కూర్చున్న గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. మౌలాలి గుట్ట, ఖాజాగూడ రాళ్లు, దుర్గం చెరువు పక్కన మిగిలిన బండరాళ్లు అన్నీ ఆ దక్కన్ శిలల్లో భాగమే. ఎంత గట్టి రాయైనా వాన ముందు నిలవదు. వాన చినుకు గాలిలోంచి వస్తూ కొంత కార్బన్ డయాక్సైడ్‌ను కరిగించుకుని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. నేలలోకి ఇంకాక వేళ్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్ తోడై ఇంకొంచెం ఘాటెక్కుతుంది. ఆ నీరు గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ ఖనిజాన్ని మెల్లగా మట్టిగా మారుస్తుంది. ఇనుమున్న నల్లటి అభ్రకం తుప్పు పట్టి ఎర్రబారుతుంది. కరగని స్ఫటికం ఇసుకగా మిగులుతుంది.

బోరు వేసేటప్పుడు ఈ మార్పంతా వరసగా బయటపడుతుంది. ముందు ఎర్రమట్టి, తర్వాత చేత్తో నలిపితే రాలిపోయే మొరం, ఆ కింద గట్టి రాయి. గట్టి రాయి తగిలేదాకా కేసింగ్ పైపు దించాలి కాబట్టి ‘కేసింగ్ ఎన్ని ఫీట్లు పడింది?’ అనేది బోరు దగ్గర అందరూ అడిగే ప్రశ్న. భూగర్భ రసాయన శాస్త్రం వైపు నుంచి చూస్తే, వాన ఆ చోట గ్రానైట్‌ను ఎంత లోతుదాకా మార్చిందో చెప్పే కొలత అది.

ఈ మార్పులో వాన తెచ్చిన కార్బన్ డయాక్సైడ్ బైకార్బొనేట్‌గా నీటిలో కలుస్తుంది. వాగులు, మూసీ, వాడపల్లి దగ్గర కృష్ణ, హంసలదీవి దగ్గర బంగాళాఖాతం: ఇదీ దాని దారి. సముద్రంలో నత్తలు, పగడాలు, కంటికి కనిపించని గుల్లజీవులు ఆ బైకార్బొనేట్‌నూ కాల్షియంనూ కలిపి పెంకులు కట్టుకుంటాయి. అవి చచ్చి అడుగున పేరుకుంటే సున్నపురాయి. పెంకు కట్టేటప్పుడు సగం కార్బన్ మళ్లీ బయటికి పోతుంది, మిగతా సగం రాయిలో చిక్కుతుంది.

ఇది ఇక్కడితో ఆగిపోతే గాలిలో కార్బన్ డయాక్సైడ్ అడుగంటి భూమి గడ్డకట్టేది. ఆగకపోవడానికి కారణం భూమి పైపెంకు పలకలుగా విడిపోయి కదులుతూ ఉండటం. సముద్రపు అడుగు ఉన్న పలక పక్క పలక కిందికి దూరినప్పుడు సున్నపురాయి కూడా లోతుకు పోయి వేడికి విడిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ అగ్నిపర్వతాల్లోంచి గాలిలోకి తిరిగి వస్తుంది. అండమాన్ దగ్గరి బారెన్ ద్వీపంలో ఉన్న మన దేశపు చురుకైన అగ్నిపర్వతం, భారత పలక ఇలా కిందికి దూరే అంచునే ఉంది.

జేమ్స్ వాకర్, పాల్ హేస్, జేమ్స్ కాస్టింగ్ అనే శాస్త్రవేత్తలు 1981లో చూపించినదేమిటంటే, ఈ చక్రానికి తనను తాను సరిచేసుకునే గుణం ఉంది. భూమి వేడెక్కితే వానలు పెరుగుతాయి, రసాయన చర్యలు వేగం పుంజుకుంటాయి, రాళ్లు త్వరగా కరిగి గాలిలోని కార్బన్‌ను ఎక్కువగా లాగేస్తాయి. వేడి తగ్గుతుంది. భూమి చల్లబడితే ఈ కరుగుదల మందగిస్తుంది, అగ్నిపర్వతాలు మాత్రం మామూలుగానే కార్బన్‌ను వదులుతుంటాయి. వేడి పెరుగుతుంది. మిద్దె మీది నీళ్ల ట్యాంకులో మట్టం పెరిగితే కుళాయిని మూసి, తగ్గితే తెరిచే బంతి చేసే పనే ఇది, లక్షల ఏళ్ల నిదానంతో.

ఈ ఏర్పాటు ఉండబట్టే ఒక పాత చిక్కుముడికి జవాబు దొరికింది. సూర్యుడు పుట్టిన కొత్తలో ఇప్పటికన్నా 30 శాతం తక్కువ వెలుగుతో ఉండేవాడు. ఇప్పటి గాలే అప్పుడూ ఉంటే సముద్రాలు గడ్డకట్టి ఉండాలని 1972లో కార్ల్ సాగన్, జార్జ్ మల్లెన్ ఎత్తిచూపారు. కానీ ఆస్ట్రేలియాలో దొరికిన 348 కోట్ల ఏళ్ల నాటి శిలల్లో సూక్ష్మజీవుల పొరల ఆనవాళ్లు ఉన్నాయి, అంటే అప్పటికే నీరుంది. సూర్యుడు మందంగా ఉన్నప్పుడు గాలిలో వేడి పట్టే వాయువులు ఎక్కువగా ఉండటం, సూర్యుడు ప్రకాశించేకొద్దీ అవి తగ్గుతూ రావడం ఈ చక్రంతో సహజంగానే కుదురుతుంది. మీథేన్ పాత్ర ఎంత, మేఘాల పాత్ర ఎంత అన్న చర్చ ఇంకా సాగుతోంది.

చక్రం పట్టు తప్పిన రోజులూ ఉన్నాయి. 72 కోట్ల ఏళ్ల నుంచి 63 కోట్ల ఏళ్ల కిందటి మధ్యకాలంలో కనీసం రెండుసార్లు మంచు భూమధ్యరేఖ దాకా వచ్చింది. అప్పుడు నేలంతా మంచు కింద ఉండి రాళ్లు కరగడం దాదాపు ఆగిపోయింది, అగ్నిపర్వతాలు వదిలిన కార్బన్ పేరుకుంటూ పోయి చివరికి ఆ మంచును కరిగించింది. అంగారకుడి దగ్గర ఇదే సాధ్యం కాలేదు. చిన్న గ్రహం, లోపల చల్లారింది, అగ్నిపర్వతాలు మందగించాయి, రాళ్లలో చిక్కినదీ అంతరిక్షంలోకి పోయినదీ తిరిగి రాలేదు. గ్రహం లోపలి వేడి జీవానికి అవసరమని చెప్పడం ఇందుకే.

నీరు పైకి జారిపోకుండా

శుక్రుడి దగ్గర ఈ చక్రం ఎందుకు నడవలేదంటే, నడిపించాల్సిన నీరే లేకుండా పోయింది. వేడి ఎక్కువై నీటి ఆవిరి వాతావరణం పైపొరల దాకా చేరింది. అక్కడ అతినీలలోహిత కిరణాలు నీటి అణువును విడగొట్టాయి, తేలికైన హైడ్రోజన్ అంతరిక్షంలోకి పారిపోయింది. మామూలు హైడ్రోజన్ పోయి, బరువైన హైడ్రోజన్ రకమైన డ్యూటీరియం వెనకబడిపోవడం వల్ల శుక్రుడి గాలిలో దాని నిష్పత్తి భూమితో పోలిస్తే వంద రెట్లకు పైగా ఉంది. పోయిన నీటికి మిగిలిన సాక్ష్యం అదే.

భూమి దగ్గర ఈ నష్టం నామమాత్రంగా ఉండటానికి కారణం వాతావరణంలోని ఒక చల్లటి అంతస్తు. హైదరాబాద్ మీదుగా నిలువునా పైకి వెళితే 16, 17 కిలోమీటర్ల దగ్గర ఉష్ణోగ్రత మైనస్ 80 డిగ్రీల స్థాయికి దిగుతుంది. నీటి ఆవిరి అక్కడిదాకా చేరేలోగా మంచుగా మారి కిందికి వచ్చేస్తుంది. ఆ పైన గాలి ఎడారి కన్నా పొడిగా ఉంటుంది. నగరంలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ నడిపే బెలూన్ కేంద్రానికి ఈ పొర రోజువారీ సమస్య. వాళ్ల భారీ బెలూన్ల పల్చటి ప్లాస్టిక్ ఆ చలికి పెళుసెక్కి చిరిగిపోకుండా ఉండాలి. బెలూన్‌కు అడ్డంకిగా నిలిచే ఆ చలే సముద్రాలను కాపాడుతోంది.

అదే కేంద్రం నుంచి 2005 ఏప్రిల్‌లో ఎగిరిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు తెచ్చింది. హబ్సిగూడలోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం వాటిని పరీక్షించి మూడు కొత్త బ్యాక్టీరియా జాతులను గుర్తించాయి. 2009లో ఇస్రో ఆ ఫలితాన్ని ప్రకటించింది. తమ సమీప బంధు జాతులతో పోలిస్తే ఇవి అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకున్నాయి. అవి అంతరిక్షం నుంచి వచ్చాయని ఈ ప్రయోగం రుజువు చేయలేదు, ఇస్రో కూడా అలా చెప్పలేదు. ఓజోన్ పొర చాలామటుకు 15 నుంచి 35 కిలోమీటర్ల మధ్య పరుచుకుని ఉంటుంది. దాన్ని దాటేకొద్దీ బతకడం ఎంత కష్టమో, అయినా జీవం ఎంత ఎత్తుదాకా పాకిందో ఆ నమూనాలు చెప్పాయి.

ఆక్సిజన్: జీవం తానే చేసిన మార్పు

ఓజోన్ పొర ఆక్సిజన్ నుంచి పుట్టింది, ఆ ఆక్సిజన్ మొదటి నుంచీ లేదు. భూమి జీవానికి అనువైన గాలితో సిద్ధంగా ఉంటే జీవం వచ్చి చేరిందన్న ఊహ ఇక్కడ తలకిందులవుతుంది. దాదాపు సగం చరిత్ర పాటు భూమి గాలిలో ఆక్సిజన్ లేదు. నీలి ఆకుపచ్చ బ్యాక్టీరియా ఎండతో నీటిని విడగొట్టి ఆక్సిజన్‌ను వ్యర్థంగా వదిలాయి. అప్పటి సముద్రాల్లో కరిగి ఉన్న ఇనుము దానితో కలిసి తుప్పుగా అడుగుకు దిగింది. అలాంటి పొరల ఇనుప శిలలే ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా కొండలు. మాసబ్ ట్యాంక్‌లో ప్రధాన కార్యాలయమున్న ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ అక్కడ తవ్వి విశాఖకు పంపే ఖనిజం ఆ పాత సముద్రాల రసాయన చరిత్రే. ఇనుము, అగ్నిపర్వత వాయువులు తాగినంత తాగాక, సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట ఆక్సిజన్ గాలిలో పేరుకోవడం మొదలైంది.

అయినా మొక్కలు వదిలినదంతా మిగలదు. మొక్క కుళ్లినా, కాలినా, ఏ జంతువో తిన్నా అది ఇచ్చిన ఆక్సిజన్ అంతా తిరిగి ఖర్చయిపోతుంది. కుళ్లకుండా మట్టిలో కూరుకుపోయిన భాగానికి సరిపడా మాత్రమే గాలిలో నిలుస్తుంది. సింగరేణి బొగ్గు అలా కూరుకుపోయిన అడవే, పాతిక కోట్ల ఏళ్లకు పైబడినది. గాలిలోని 21 శాతం ఆక్సిజన్‌ను నిలబెడుతున్నది నేలలో ఇలా పాతుకుపోయిన కార్బనే. ఇప్పటి అడవులే మనకు ఆక్సిజన్ ‘తయారుచేసి పెడుతున్నాయి’ అన్న ప్రచారంలో ఈ లెక్క కనిపించదు. అడవుల విలువ వానలో, నేలలో, జీవజాతుల్లో చూడాలి.

అయస్కాంతం, చంద్రుడు, గురుడు

వీటి గురించి వ్యాసాలు ఎక్కువ, తేలినది తక్కువ. భూమి బయటి కేంద్రకంలో కరిగిన ఇనుము కదలికల వల్ల అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు దాని మార్పులను దశాబ్దాలుగా నమోదు చేస్తున్నారు, చౌటుప్పల్‌లోనూ వారికో కేంద్రం ఉంది. ఈ క్షేత్రం సౌర పవనాన్ని, అంటే సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాల ప్రవాహాన్ని పక్కకు మళ్లిస్తుంది. తన అయస్కాంత క్షేత్రం ఆగిపోయాకే అంగారకుడి గాలి పల్చబడిందన్నది ఎక్కువ మంది ఒప్పుకునే వివరణ. కానీ శుక్రుడికి సొంత అయస్కాంత క్షేత్రం లేదు, గాలి మాత్రం మనకన్నా ఎంతో దట్టం. కాబట్టి ‘అయస్కాంతం లేకపోతే గాలే ఉండదు’ అని తీర్పు చెప్పలేం. ఇక అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాలను ఆపడంలో పెద్ద పాత్ర గాలిదే. మన తల మీది గాలి బరువు పది మీటర్ల లోతు నీటి బరువుతో సమానం.

భూమి అక్షం 23.4 డిగ్రీల వంపు వల్ల రుతువులు వస్తాయి. హైదరాబాద్‌లో మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం నిలువు వస్తువుల నీడ మాయమయ్యేదీ దీనివల్లనే. చంద్రుడు ఈ వంపును స్థిరంగా ఉంచుతున్నాడని 1993లో జాక్ లాస్కార్ బృందం లెక్కగట్టింది. చంద్రుడు లేకపోయినా ఊగిసలాట అనుకున్నంత తీవ్రంగా ఉండకపోవచ్చని తర్వాతి లెక్కలు సూచించాయి. గురుడు తోకచుక్కలను అడ్డుకుని కాపాడుతున్నాడన్న మాటా అంతే, కొన్నింటిని ఆపుతాడు, కొన్నింటిని ఇటు మళ్లిస్తాడు.

అంచుకు ఎంత దగ్గర?

2013లో రవికుమార్ కొప్పరపు, తోటి శాస్త్రవేత్తలు నివాసయోగ్య మండలాన్ని కొత్తగా లెక్కగట్టినప్పుడు లోపలి అంచు ఇప్పటి భూమి దూరంలో 99 శాతం దగ్గర తేలింది. మేఘాలనూ గాలి ప్రవాహాలనూ చేర్చిన తర్వాతి లెక్కలు ఆ అంచును 95 శాతం వైపు జరిపాయి. ఏ లెక్క తీసుకున్నా భూమి పట్టీ నడిమధ్యలో లేదు, వేడి అంచుకు దగ్గరగా ఉంది. సూర్యుడు వంద కోట్ల ఏళ్లకు పది శాతం చొప్పున ప్రకాశిస్తున్నాడు కాబట్టి ఆ అంచు మన వైపే జరుగుతోంది. మరో వంద కోట్ల ఏళ్ల దరిదాపుల్లో సముద్రాలు శుక్రుడి దారి పట్టే అవకాశం ఉంది. అంతకుముందే రాళ్లు కార్బన్‌ను లాగీ లాగీ మొక్కలకు చాలనంత తక్కువకు దింపవచ్చు.

మనుషులకు సంబంధించిన కాలం అంత పొడవు కాదు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 280. 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవాలో కొలవడం మొదలుపెట్టినప్పుడు 315 ఉంది, ఇప్పుడు 420 దాటింది. అగ్నిపర్వతాలన్నీ కలిసి ఏటా వదిలే దానికి వంద రెట్లకు పైగా మనుషులు వదులుతున్నారు. ‘భూమి తనను తాను సరిచేసుకుంటుంది కదా’ అనే వాదన ఇక్కడే దారి తప్పుతుంది. సరిచేసుకుంటుంది, నిజమే. ఆ పనికి దానికి లక్షల ఏళ్లు కావాలి. ఈ శతాబ్దపు పంటలకూ, వేసవులకూ ఆ సాయం అందదు.

రాళ్లు కరిగే వేగాన్ని మనిషి పెంచగలడా అన్న ప్రయత్నం మొదలైంది, దానికి తెలంగాణ నేలలతో నేరుగా సంబంధం ఉంది. నగరం తూర్పు, దక్షిణ దిక్కుల చెల్క నేలలు ఎక్కువగా గ్రానైట్ నుంచి వచ్చాయి. పడమర వికారాబాద్, జహీరాబాద్ వైపు 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా పరుచుకుని గడ్డకట్టిన నల్లరాయి ఉంది, అది కరిగి నల్లరేగడి అయింది. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉండే ఈ నల్లరాయి, అంటే బసాల్ట్, గ్రానైట్ కన్నా చాలా వేగంగా వాన నీటితో చర్య జరుపుతుంది. దాన్ని పిండి కొట్టి పొలంలో చల్లితే నీటికి తగిలే రాయి ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మన దేశంలో చిన్న రైతుల వరి పొలాల్లో ఈ పద్ధతిని అమలు చేస్తున్న మాటి కార్బన్ సంస్థకు 2025 ఏప్రిల్‌లో కార్బన్ తొలగింపు ఎక్స్‌ప్రైజ్ పోటీలో 5 కోట్ల డాలర్ల మొదటి బహుమతి దక్కింది. రాయిని తవ్వి, దంచి, లారీల్లో మోయడానికి ఖర్చయ్యే డీజిలు, కరెంటు తీసేశాక నికరంగా ఎంత కార్బన్ మిగులుతుందన్నదే ఈ పద్ధతి భవితవ్యాన్ని తేలుస్తుంది. ఆ జవాబు ఒక్కో నేలకు ఒక్కోలా ఉంటుంది, పొలం నుంచి బయటికి పోయే నీటిలో బైకార్బొనేట్‌ను పంట పంటకూ కొలిస్తే తప్ప అది దొరకదు.